నాలుగేళ్లు అప్‌డేట్ కొట్టాను, ఒక్క ప్యాకేజీ మారలేదు

మా షాపు అశోక్‌నగర్‌లో ఉంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుంచి నడిచి వచ్చేయొచ్చు. జిరాక్స్, ప్రింట్, స్పైరల్ బైండింగ్, ఆన్‌లైన్ దరఖాస్తులు. వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది గ్రూప్స్‌కో, ఎస్సై ఉద్యోగాలకో, డీఎస్సీకో చదివే పిల్లలు. రోజుకు నలభై సార్లు వాళ్లకు ఒకే మాట చెబుతుంటాను: "సబ్మిట్ కొట్టేముందు పేరు, పుట్టిన తేదీ ఒక్కసారి చదువుకో తమ్ముడూ. తరవాత ఎడిట్ ఆప్షన్ ఇస్తారో ఇవ్వరో."

2025 ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం, అలా చదువుకోమన్న పిల్లాడే నా చేత చదివించాడు.

బీటెక్ చేసి, రెండేళ్లు మాదాపూర్‌లో ఏదో కంపెనీ సర్వర్లు చూసుకుని, ఉద్యోగం మానేసి గ్రూప్-2కి కూర్చున్న కుర్రాడు. కరెంట్ అఫైర్స్ నోట్సు ఎనభై పేజీలు ప్రింట్ ఇచ్చి, కౌంటర్ మీద మోచేతులు పెట్టుకుని నా స్క్రీన్ చూస్తున్నాడు. మా సిస్టమ్‌లలో నడిచేది విండోస్ కాదు, ఉబుంటు అనే లైనక్స్. షాపు కట్టేసే ముందు టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిచి 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కొట్టడం నాకు అలవాటు. దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నట్టు అదొక నిత్యకృత్యం. నాలుగు వరసలు గబగబా పరిగెత్తాయి. నేను కిటికీ మూసేయబోయాను.

"అన్నా, గిన్ని పెండింగ్ ఎందుకున్నయ్?"

"ఏవి?"

"కింద రాసుంది చూడు. ఆరొందల ముప్పై ఎనిమిది ప్యాకేజీలు."

"రోజూ కొడుతున్నా కదా అప్‌డేట్."

నవ్వాడు. "అప్‌డేట్ కొడ్తున్నవ్ అన్నా. అప్‌గ్రేడ్ కొడ్తలేవ్."

తరవాత వాడు విడమరచి చెప్పాడు గానీ, నాకు వెలిగింది మాత్రం షాపు భాషలో అనుకున్నప్పుడే. నోటిఫికేషన్ పడిందా లేదా అని సైట్ తెరిచి చూడటం అప్‌డేట్. అప్లికేషన్ పెట్టడం అప్‌గ్రేడ్. నేను నాలుగేళ్లుగా రోజూ నోటిఫికేషన్ చూసి, సైట్ మూసేసి, ఉద్యోగం వచ్చేసినట్టు ఇంటికి వెళ్లి పడుకుంటున్నాను. మొదటి కమాండు చేసే పనల్లా ఉబుంటు భాండాగారంలో, అంటే ప్రోగ్రాంలన్నీ ఉంచే సర్వర్‌లో, ఏ ప్యాకేజీకి (ప్రోగ్రాం మూటకు) ఏ కొత్త కూర్పు ఉందో ఆ జాబితా తెచ్చుకోవడమే. ఒక్క ప్రోగ్రాం కూడా మారదు. తమాషా ఏమిటంటే, ఆ సంగతి చివరి వరసలో అది ప్రతిరోజూ చెబుతూనే ఉంది: ఇన్ని ప్యాకేజీలను అప్‌గ్రేడ్ చేయవచ్చు, చూడాలంటే ఈ కమాండ్ కొట్టండి అని.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. అంతకుముందు మా షాపులో విండోస్ ఉండేది. ఊళ్లో ఉన్న పెన్‌డ్రైవులన్నీ మా దగ్గరికే వస్తాయి కదా, వాటితోపాటు షార్ట్‌కట్ వైరస్సూ వచ్చేది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయి, పిల్లలు "నా సర్టిఫికెట్లు పోయినయ్" అని ఏడుపు మొహం పెట్టేవాళ్లు. 2020లో లాక్‌డౌన్ వచ్చి షాపు మూతపడ్డాక చేతినిండా ఖాళీ. ఆ ఏప్రిల్‌లోనే ఉబుంటు 20.04 విడుదలైంది, అయిదేళ్లు మద్దతు ఉండే ఎల్‌టీఎస్ కూర్పు. యూట్యూబ్ చూసుకుంటూ మొత్తం తొమ్మిది సిస్టమ్‌లలోనూ అదే వేశాను. ఒకటి నా కౌంటర్‌లో ఉండే మెయిన్ సిస్టమ్. ప్రింటర్ దానికే తగిలించి ఉంటుంది, మిగతా ఎనిమిదీ దాని ద్వారానే ప్రింట్ ఇస్తాయి.

వేసినప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి. భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు దానంతట అవే వచ్చి ఎక్కేవి. ఉబుంటులో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ఏర్పాటు మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. చెడగొట్టింది నేనే. 2021లో షాపు మళ్లీ గాడిన పడ్డాక ఒక చిరాకు మొదలైంది: పొద్దున తొమ్మిదికి స్విచ్ వేస్తే పావుగంట సేపు సిస్టమ్‌లు నత్తనడక. అదే సమయానికి గిరాకీ. ఎవరో ఒక ఫైలు పేరు చెప్పి, అందులో 1 ఉన్నచోట 0 పెట్టమన్నారు. పెట్టాను, తొమ్మిదింట్లోనూ. నత్తనడక పోయింది, నా తెలివికి నేనే మురిసిపోయాను.

అసలు కారణం ఇప్పుడు తెలుసు. ఆ అప్‌డేట్లను ఎక్కించే టైమర్ ఉదయం ఆరు గంటలకు పెట్టి ఉంటుంది. ఆరింటికి మన సిస్టమ్ కట్టేసి ఉంటే అది ఊరుకోదు, తప్పిపోయిన పనిని ఆన్ చేయగానే మొదలుపెడుతుంది. సర్వర్ గదుల్లో రాత్రింబగళ్లు నడిచే మెషీన్‌లకు ఆరు గంటలంటే ఎవరికీ ఇబ్బంది లేని వేళ. షట్టర్ తొమ్మిదికి ఎత్తే షాపుకు మాత్రం అదే గిరాకీ వేళ. టైము మార్చుకుంటే సరిపోయేదానికి అప్‌డేట్లనే ఆపేశాను.

దానికి తోడు ఇంకో ఘనకార్యం. అదే ఏడాది ఒక అప్‌డేట్ తరవాత రెండు రోజులు ప్రింట్ రాలేదు. మా ప్రింటర్ ఏ జిరాక్స్ షాపులో చూసినా కనిపించే పాత లేజర్ రకం. బండలా పనిచేస్తుంది, కానీ లైనక్స్ డ్రైవర్ పాతకాలం 32 బిట్ లైబ్రరీల మీద ఆధారపడింది. మళ్లీ ఆ గొడవ వద్దని, ప్రింటింగ్ చూసుకునే కప్స్ ప్యాకేజీలను 'హోల్డ్'లో పెట్టేశాను. అంటే, అప్‌గ్రేడ్ కొట్టినా సరే, వీటిని ముట్టుకోవద్దని సిస్టమ్‌కు చెప్పడం.

కుర్రాడు ఆ హోల్డ్ జాబితా చూశాక మాత్రం నవ్వలేదు. 2024 సెప్టెంబరులో కప్స్‌లో దొరికిన లోపాల గురించి చెప్పాడు. సిమోనే మార్గరిటెల్లి అనే ఇటలీ పరిశోధకుడు బయటపెట్టినవి. కప్స్-బ్రౌజ్డ్ అనే చిన్న ప్రోగ్రాం నెట్‌వర్క్‌లో కొత్త ప్రింటర్లు ఉన్నాయేమోనని 631 పోర్టు మీద చెవి ఒగ్గి కూర్చుంటుంది. లోపం పూడ్చని కూర్పులో ఎవరు ఏం చెప్పినా నమ్ముతుంది. "నేనొక ప్రింటర్‌ని" అని ఎవడో దొంగ సమాచారం పంపితే దాన్ని జాబితాలో చేర్చేసుకుంటుంది. ఆ తరవాత ఎవరైనా ఆ ప్రింటర్‌కు ప్రింట్ కొడితే, వాడు దాచిపెట్టిన కమాండు మన సిస్టమ్‌లో నడుస్తుంది.

నేను తల తిప్పి గోడ వంక చూశాను. ఫోన్ నుంచే నేరుగా ప్రింట్ ఇచ్చుకోవడానికి వీలుగా వైఫై పాస్‌వర్డ్ పెద్ద అక్షరాలతో లామినేట్ చేసి అంటించి పెట్టాను. రోజుకు వందమంది మా నెట్‌వర్క్‌లోకి వచ్చి పోతుంటారు. ప్రింట్లు కొట్టడమే మా బతుకు.

అయినా ఊరికే ఒప్పుకుంటే ఎలా, వాదించాను. "కొత్తవి వెంటనే వేసుకుంటే కూడా ప్రమాదమే కదా? ఆ ఎక్స్‌జెడ్ సంగతి ఏమైంది మరి?" 2024 మార్చిలో జరిగింది అది. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రాం 5.6.0, 5.6.1 కూర్పుల్లో ఎవరో కావాలని దొంగదారి పెట్టారు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి ఇంకో సిస్టమ్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వుకుంటూ పోతే బయటపడింది. అర సెకను! మా షాపులో అర నిమిషం ఆలస్యమైనా ఎవరూ ఎందుకని అడగరు.

వాడు శాంతంగా సమాధానం చెప్పాడు. ఆ కూర్పు ఉబుంటు ఎల్‌టీఎస్‌లలోకి రానేలేదట. ఎల్‌టీఎస్‌లో భద్రతా అప్‌డేట్ అంటే కొత్త కూర్పు తెచ్చి పెట్టడం కాదు. ఉన్న పాత కూర్పులోనే ఆ ఒక్క చిల్లు పూడ్చి ఇస్తారు. అందుకే ప్రోగ్రాం నంబరు పెద్దగా మారదు, చివర ఉన్న తోక మాత్రం పెరుగుతుంది. "నువ్వు వద్దనుకుంటున్నది కొత్త చొక్కా అన్నా, వాళ్లు ఇస్తున్నది పాత చొక్కాకు కుట్టు" అన్నాడు. రోజంతా పుస్తకాల్లోనే ఉంటున్నాడు కదా, ఉపమానాలు బాగా వస్తున్నాయి.

పైగా, ఆ పాత చొక్కాకు కూడా గడువు దగ్గరికొచ్చింది. 2020 కూర్పుకు అయిదేళ్లు 2025 మే నెలాఖరుతో నిండుతాయి. ఆపైన కావాలంటే ఉబుంటు ప్రో కింద నమోదు చేసుకోవాలి, అయిదు మెషీన్‌ల దాకా ఉచితం. మావి తొమ్మిది. సరే, మెయిన్ సిస్టమ్‌ను ముందు పూర్తిగా అప్‌గ్రేడ్ చేసి, తరవాత 2022లో వచ్చిన 22.04 కూర్పుకు తీసుకెళ్దాం అనుకున్నాను.

మే రెండో వారంలో ఒక రాత్రి మొదలుపెట్టాను. పగలంతా ఉక్కపోత, దోస్త్ (తెలంగాణలో డిగ్రీ సీట్లకు) దరఖాస్తుల హడావుడి. ఎనిమిదిన్నరకు సగం షట్టర్ దించి, సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ మొత్తం, కస్టమర్ల ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాను. ఇది ఒక్కటే ఆ రాత్రి చేసిన తెలివైన పని. కప్స్ మీద హోల్డ్ తీసేశాను, అప్‌గ్రేడ్ కొట్టాను. డౌన్‌లోడ్ అయిపోయింది, ప్యాకేజీలు ఒక్కొక్కటి విప్పుకుంటున్నాయి. ముప్పై శాతం దగ్గర ఉండగా ఇందిరా పార్కు వైపు నుంచి గాలి లేచింది. మే నెల గాలివాన హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు దుమ్ము, తరవాత ఎక్కడో చెట్టు కొమ్మ విరిగిన చప్పుడు, ఆ తరవాత చీకటి. యూపీఎస్ 'కుయ్' మని ఒక్కసారి అరిచి అది కూడా పోయింది. దాని బ్యాటరీ చచ్చి ఎన్నాళ్లయిందో నాకే తెలియదు.

కరెంటు పదింటికి వచ్చింది. సిస్టమ్ లేచింది, పాత కెర్నల్‌తోనే (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం అది). ప్రాణం లేచొచ్చింది. మళ్లీ అప్‌గ్రేడ్ కొడితే ఒప్పుకోలేదు: డీపీకేజీ (ప్యాకేజీలను అమర్చే ప్రోగ్రాం) మధ్యలో ఆగిపోయింది, ఈ కమాండుతో మీరే సరిచేయండి అని చెప్పింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇలాంటప్పుడు లైనక్స్ చెప్పినంత స్పష్టంగా ఏ ఆఫీసు కౌంటర్‌లోనూ చెప్పరు. ఏ కమాండు కొట్టాలో అక్షరం అక్షరం రాసి ఇస్తుంది. కొట్టాను. విప్పి వదిలేసిన ప్యాకేజీలను వరసగా అమర్చుకుంటూ పోయింది.

మధ్యలో ఒకచోట ఆగి ప్రశ్న అడిగింది. అప్పటికి ఇంటి నుంచి మూడుసార్లు ఫోన్. "ఏమండీ, వాన తగ్గిందిగా, ఇంకా రారా?" నేను "వస్తున్నా, వస్తున్నా" అంటూ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తో వై నొక్కి ఎంటర్ కొట్టాను. ఏం అడిగినా వై కొట్టడమే కదా.

తరవాత ఇంకో దెబ్బ: కొత్త కెర్నల్ అమర్చుతూ, 'డిస్క్‌లో చోటు లేదు' అంది. 500 జీబీ డిస్క్‌లో చోటు లేకపోవడమేమిటి? 'డీఎఫ్ మైనస్ హెచ్' కొట్టి చూస్తే, సిస్టమ్ లేవడానికి కావలసిన ఫైళ్లుండే బూట్ పార్టిషన్ నూటికి నూరు శాతం నిండి ఉంది. 2020లో యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని దానికి విడిగా 300 ఎంబీ ఇచ్చాను. ఒక్కో కెర్నల్, సిస్టమ్ లేచేటప్పుడు వాడుకోవడానికి దానితో వచ్చే ఇనిట్‌ఆర్‌డీ ఫైలు కలిపి వంద ఎంబీకి అటూ ఇటూ. అందులో 5.4.0-42, 5.4.0-80 అని రెండు పాతవి అప్పటికే కాపురం ఉన్నాయి. మూడోది తలదూర్చబోయి ఇరుక్కుంది. పాతది తీసేద్దామంటే ఆప్ట్ ఒప్పుకోదు, ముందు సగంలో ఆగిన పని పూర్తి చేయమంటుంది. ఆ పని పూర్తి కావాలంటే చోటు కావాలి.

పదకొండు దాటాక ఫోన్‌లో కుర్రాడికి మెసేజ్ పెట్టాను. వాడు మెలకువగానే ఉన్నాడు, పాలిటీ చదువుతున్నాడట. చెప్పింది ఇది: 'యూనేమ్ మైనస్ ఆర్' కొట్టి ఇప్పుడు ఏ కెర్నల్ మీద నడుస్తున్నావో చూసుకో, దాన్ని మాత్రం ముట్టుకోకు. మిగిలిన పాతదాని ఇనిట్‌ఆర్‌డీ ఫైలును చెరపకుండా హోమ్ ఫోల్డర్‌కు జరుపు. చోటు వస్తుంది. అప్పుడు ఆగిన పని పూర్తిచేయించి, ఆ పాత కెర్నల్‌ను ఆప్ట్ చేతనే పద్ధతిగా తీయించు. నడుస్తున్నది 80, జరిపింది 42. పన్నెండున్నరకు అంతా పచ్చగా అయింది. రీస్టార్ట్ చేసి, లేచిందని చూసుకుని, తడి రోడ్డు మీద బండి తోసుకుంటూ ఇంటికి పోయాను.

పొద్దున ఎనిమిది సిస్టమ్‌లలో ఒక్కదాని నుంచీ ప్రింట్ రాలేదు.

మెయిన్ సిస్టమ్ నుంచి వస్తోంది. మిగతావాటికి ప్రింటర్ కనబడటం లేదు. బయట దోస్త్ దరఖాస్తు ప్రింట్ల కోసం ఇంటర్ పాసైన పిల్లలు, వాళ్ల వెంట నాన్నలు. రెండు గంటలు పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు వేసుకుని అటూ ఇటూ పరిగెత్తాను. ఒకాయన "పాత షాపులో గిట్ల ఉండకపోతుండె" అని వినబడేలాగే అన్నాడు. కేబుళ్లు పీకి పెట్టాను, ప్రింటర్‌ను తీసేసి మళ్లీ చేర్చాను. ముందు రాత్రి ఒక ప్రశ్నకు వై కొట్టానన్న సంగతి తలపుకే రాలేదు.

కుర్రాడు పదకొండింటికి వచ్చి, ఈటీసీలో కప్స్ ఫోల్డర్ తెరిచి చూపించాడు. కప్స్ సెట్టింగుల ఫైలు పక్కనే అదే పేరుతో, చివర 'డీపీకేజీ-ఓల్డ్' అన్న తోకతో ఇంకో ఫైలు. "రాత్రి ఏమన్నా అడిగిందా అన్నా?"

అడిగింది. ఆ ప్రశ్న ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. ఈ సెట్టింగుల ఫైలును మీరు మార్చారు, ప్యాకేజీవాళ్లూ కొత్తది పంపారు, ఏం చేయమంటారు? వై లేదా ఐ కొడితే వాళ్లది వేస్తాను. ఎన్ లేదా ఓ కొడితే మీది ఉంచుతాను. డీ కొడితే రెండింటికీ తేడా చూపిస్తాను. జెడ్ కొడితే మీరే లోపలికి వెళ్లి చూసుకోవచ్చు. ఏమీ కొట్టకుండా వట్టి ఎంటర్ కొడితే మీదే ఉంచుతాను. అంత వివరంగా అడిగితే, నేను ప్రత్యేకంగా శ్రమపడి వై నొక్కి మరీ నా ఫైలును తీయించుకున్నాను. కొత్త ఫైలు ప్రకారం కప్స్ తన సిస్టమ్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. పక్క సిస్టమ్‌ల నుంచి ప్రింట్లు తీసుకొమ్మని నేను 2020లో రాసుకున్న వరసలు పాత ఫైలులో భద్రంగా ఉన్నాయి. నేను వద్దన్నా అది పారేయలేదు. ఆ వరసలు కొత్తదాంట్లోకి తెచ్చి కప్స్‌ను రీస్టార్ట్ చేస్తే, పొద్దుట్నుంచీ ఇరుక్కున్న ప్రింట్లన్నీ ఒకేసారి బయటికొచ్చాయి. అరవై పేజీలు వృథా.

అసలు సిగ్గుగా అనిపించింది అప్పుడు కాదు. మధ్యాహ్నం ఒక అమ్మాయి దరఖాస్తులో తండ్రి పేరు తప్పు పడిందని వస్తే, అలవాటుగా "చదువుకోవద్దామ్మా?" అన్నాను. కుర్రాడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఏమీ అనలేదు, పేపర్‌లో తల పెట్టుకున్నాడు.

22.04కు వెళ్లే పని ఆషాఢంలో బోనాల ఆదివారానికి పెట్టుకున్నాను. ఆ రోజు ఎలాగూ గిరాకీ ఉండదు. అంతకుముందే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లి యూపీఎస్‌లోకి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ తెచ్చి మార్చాను. కౌంటర్‌లో ఒక పొడుగు ఖాతా పుస్తకం ఉంటుంది, అప్పులు రాసేది. దాన్ని వెనక్కి తిప్పి వెనక పేజీ నుంచి మొదలుపెట్టాను: సిస్టమ్ అడిగిన ప్రతి ప్రశ్న, నేనిచ్చిన జవాబు, టైము.

మొదటి వరసే 'పది గంటల పది: ఒప్పుకోలేదు.' బూట్ పార్టిషన్‌లో చోటు చాలదని ముందే లెక్కగట్టి చెప్పి ఆగిపోయింది. మే నెలలోలాగా సగంలోకి వెళ్లి ఇరుక్కోలేదు. ఇనిట్‌ఆర్‌డీలో లోకంలోని అన్ని హార్డ్‌వేర్‌ల మాడ్యూళ్లూ కాకుండా ఈ సిస్టమ్‌కు కావలసినవే పెట్టమని ఒక సెట్టింగు ఉంది. అది మార్చి మళ్లీ తయారుచేయిస్తే ఫైలు బాగా చిక్కిపోయింది, చోటు సరిపోయింది. తరవాత, బయటి భాండాగారాలు రెండు ఆపేస్తున్నానని చెప్పింది. ఎప్పుడో చేర్చి మరచిపోయినవి, అవి పోతే నాకేం నష్టం లేదు. తరవాత ఒక హెచ్చరిక: డౌన్‌లోడ్ అయిపోయాక ఈ పనిని మధ్యలో ఆపడం కుదరదు. అది చదివి లేచి వెళ్లి ఆకాశం చూసి వచ్చాను. మబ్బుగా ఉంది కానీ గాలి లేదు. యూపీఎస్ మీద పచ్చ లైటు చూసుకుని వై కొట్టాను.

రెండున్నర గంటలు. బయట డప్పుల చప్పుడు, ఘటాలు ఎత్తుకుని ఆడవాళ్లు వెళ్తున్నారు. లోపల ప్యాకేజీలు విప్పుకుంటున్నాయి. కప్స్ ఫైలు ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి డీ కొట్టి తేడా చూశాను, ఎన్ కొట్టాను, ఖాతాలో రాశాను.

చిట్టచివర ఇంకొకటి అడిగింది: ఇక అక్కర్లేని ప్యాకేజీలు ఇన్ని ఉన్నాయి, తీసేయనా? వివరాలకు డీ. పాత అలవాటు ప్రకారమైతే వై. డీ కొట్టాను. మూడు పేజీల జాబితా. వేలు పెట్టుకుని చదువుతూ పోతే రెండో పేజీ మధ్యలో ఒక 32 బిట్ లైబ్రరీ. మా ప్రింటర్ డ్రైవర్ నిలబడి ఉన్న మూడు గుంజల్లో ఒకటి. సిస్టమ్ లెక్కలో అది ఎవరికీ అక్కర్లేనిది, ఎందుకంటే డ్రైవర్‌ను నేను బయటి నుంచి తెచ్చి వేశాను, దాని అవసరాలు పద్ధతిగా రాసిపెట్టి లేవు. ఎన్ కొట్టి బయటికొచ్చి, ఆ లైబ్రరీని నేను కావాలనే పెట్టుకున్నానని గుర్తు వేసి, మిగతావి తరవాత తీయించాను. రీస్టార్ట్ అయ్యాక ఎనిమిదో నంబరు సిస్టమ్ నుంచి టెస్ట్ పేజీ కొట్టాను. ప్రింటర్ గుర్రుమని కాగితం బయటికి తోసింది. ఆ కాగితాన్ని ఖాతాలో అంటించాను.

మిగతా ఎనిమిదింటినీ అప్‌గ్రేడ్ చేయలేదు. ఎనిమిదిసార్లు అదే తతంగం అనవసరం, వాటిలో దాచుకోవలసింది ఏమీ లేదు. పెన్‌డ్రైవ్‌తో కొత్తగా వేసేశాను. 4 జీబీ ర్యామ్ పాతవి కాబట్టి తేలికగా ఉండే జుబుంటు 24.04. వేశాక తెలిసిందేమిటంటే, జుబుంటు లాంటి సోదర కూర్పులకు మద్దతు మూడేళ్లే, అయిదు కాదు. పోనీ, ఖాతాలో '2027 ఏప్రిల్' అని రాసి కింద గీత గీశాను. మెయిన్ సిస్టమ్‌లో ఆప్ట్-క్యాషర్ అనే చిన్న ప్రోగ్రాం కూడా పెట్టాను. ఒక సిస్టమ్ దించుకున్న ప్యాకేజీని అది దాచిపెట్టి మిగతా ఏడింటికీ ఇంట్లోంచే ఇస్తుంది. మా నెట్ ప్లాన్‌కు ఇది చేసిన మేలు ఇంతా అంతా కాదు. చిన్న షాపులవాళ్లెవరైనా చదువుతుంటే, ఈ ఒక్కటి మాత్రం పెట్టుకోండి. గోడ మీద పాస్‌వర్డ్ ఇప్పటికీ ఉంది, కానీ అది కస్టమర్లకు విడిగా ఇచ్చిన గెస్ట్ వైఫైది. ఫోన్ నుంచి ప్రింట్ కావాలంటే నాకు పంపాల్సిందే.

మెయిన్ సిస్టమ్‌లో ఆ 0ను మళ్లీ 1 చేశాను, కొత్తగా వేసినవాటిలో అది ఎలాగూ 1గానే ఉంది. టైమర్‌ను మధ్యాహ్నం రెండు గంటలకు మార్చాను. ఆ వేళకు పిల్లలు మెస్‌లలో తిని రీడింగ్ రూముల్లో కునుకు తీస్తుంటారు. తప్పిపోతే ఆన్ చేయగానే మొదలుపెట్టే ఏర్పాటును తీసేశాను. రెండున్నర ప్రాంతంలో నేనేదైనా వేయబోతే ఒక్కోసారి 'తాళం వేరేవాళ్ల దగ్గర ఉంది' అని ఆగుతుంది, పక్కనే ఎవరి దగ్గర ఉందో పేరు కూడా చెబుతుంది: అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్. ఆ తాళం ఫైలును చెరిపేయమని సలహా ఇచ్చేవాళ్లు నెట్‌లో కొల్లలు. లోపల మనిషి పనిచేస్తుంటే తలుపు పగలగొట్టడం లాంటిది అది. టీ తాగి వచ్చేసరికి అదే వదిలేస్తుంది.

ఒక్కటి మిగిలింది. కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా రీస్టార్ట్ కావాలంటుంది, చేసేదాకా నడిచేది పాతదే. దానంతట అదే రీస్టార్ట్ అయ్యే ఏర్పాటూ ఉంది గానీ, ఎవరో ఫీజు కడుతుండగా సిస్టమ్ ఆగిపోతే నా షాపు అద్దాలు మిగలవు. అందుకని అది నా చేతిలోనే పెట్టుకున్నాను.

ఇవాళ రాస్తున్నప్పుడు కూడా ఆ వరస స్క్రీన్ మీద ఉంది, సిస్టమ్ రీస్టార్ట్ కావాలి అని. పొద్దున ఏదో పరీక్ష హాల్ టికెట్లు వచ్చాయి. క్యూ పక్క టిఫిన్ సెంటర్ దాకా ఉంది, ప్రింటర్ వేడెక్కి కాగితాలు వంకర తిరుగుతున్నాయి. ఖాతా తిప్పి వెనక పేజీలో రాశాను: 'రాత్రి తొమ్మిదిన్నర, మెయిన్, రీస్టార్ట్.' క్యూలో ముందున్న పిల్లాడు నా చేతిలో ఖాతా చూసి, "అంకుల్, నాది అప్పు లేదు కదా?" అన్నాడు.